పట్టని క్యాచ్‌కి అవుట్

2012 అక్టోబరు 5, అట్లాంటాలోని టర్నర్ ఫీల్డ్‌లో బేస్‌బాల్ మ్యాచ్. ఓడిన జట్టు ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 6-3తో ముందుంది. అట్లాంటా బ్రేవ్స్‌లో ఒకరు అవుట్, మొదటి రెండు బేస్‌ల మీద రన్నర్లున్నారు. ఆండ్రెల్టన్ సిమన్స్ కొట్టిన బంతి ఎడమవైపు గాల్లోకి లేచింది. షార్ట్‌స్టాప్ పీట్ కోజ్మా వెనక్కి పరుగెత్తి, చివరి క్షణంలో ఎందుకో పక్కకి తప్పుకున్నాడు. బంతి నేలమీద పడింది. స్టేడియం కేరింతలు కొట్టింది. అప్పటికే అంపైర్ సామ్ హోల్‌బ్రుక్ చెయ్యెత్తేశాడు, బ్యాటర్ అవుట్!

ఎవరూ పట్టని బంతికి అవుటేమిటి?

దీని పేరు ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్. క్రికెట్‌లో బంతి గాల్లో ఉండగా బ్యాటర్లు నిశ్చింతగా పరుగెత్తొచ్చు. బేస్‌బాల్‌లో క్యాచ్ పడితే రన్నర్ వెనక్కొచ్చి తన బేస్‌ని తాకాలి, ఈలోగా బంతి అక్కడికి చేరిందా, అతనూ అవుటే. అందుకే తేలికపాటి క్యాచ్ లేస్తే రన్నర్లు బేస్ వదిలి దూరం పోరు. 19వ శతాబ్దపు గడుసు ఫీల్డర్లు ఇక్కడే కిటుకు పట్టారు. చేతిలో పడే బంతిని కావాలని జారవిడిచేవారు. అప్పుడు బ్యాటర్‌కి చోటివ్వడానికి రన్నర్లు తప్పనిసరిగా ముందుకు కదలాలి, ఇద్దర్ని ఒకేసారి అవుట్ చెయ్యడం చిటికెలో పని. కదిలినా కదలకపోయినా ముందు నుయ్యి, వెనక గొయ్యి.

1895లో నేషనల్ లీగ్ దీనికి అడ్డుకట్ట వేసింది. ఇప్పటి నియమం ప్రకారం మొదటి రెండు బేస్‌ల మీదా రన్నర్లుండి, అప్పటికి ఇద్దరికంటే తక్కువమంది అవుటైనప్పుడు, ఇన్‌ఫీల్డర్ ‘సాధారణ ప్రయత్నంతో’ పట్టగల బంతి లేస్తే, పట్టినా వదిలినా బ్యాటర్ అవుట్. రన్నర్లు కదలక్కర్లేదు.

అంటే ఇది బ్యాటింగ్ జట్టుకి రక్షణ. అట్లాంటాలో అదే వాళ్ల మెడకి చుట్టుకుంది. అంత లోతున పడ్డ బంతితో ఇద్దర్ని అవుట్ చెయ్యడం దాదాపు అసాధ్యం. కానీ నియమం దూరాన్నీ అడగదు, ఫీల్డర్ ఉద్దేశాన్నీ అడగదు. ప్రేక్షకులు సీసాలు విసిరారు, ఆట 19 నిమిషాలు ఆగింది. అంపైర్ విచక్షణపై అప్పీలు చెల్లదంటూ లీగ్ అధికారి జో టోరీ అక్కడికక్కడే బ్రేవ్స్ అభ్యంతరాన్ని తోసిపుచ్చాడు. స్కోరు 6-3 దగ్గరే ముగిసింది.

ఈ నియమం మీద లాయర్లకున్న మోజు ఆటగాళ్లకి కూడా లేదేమో! 1975లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ లా రివ్యూ విలియం స్టీవెన్స్ వ్యాసం అచ్చేసింది. 2015లో అదే పత్రికలో ఆండ్రూ గిల్‌ఫర్డ్ అనే ఫెడరల్ జడ్జి, సహరచయితతో కలిసి, నియమాన్నే ఎత్తెయ్యమన్నారు.

అంత అవసరం లేదు. అసలు చిక్కు అమలులో ఉంది. బంతి తీరు స్పష్టం కాగానే అంపైర్ వెంటనే ప్రకటించాలన్నది నిబంధన. హోల్‌బ్రుక్ చెయ్యి లేచేసరికి బంతి నేలకి దిగొచ్చేసింది. అప్పటికి ఆ ప్రకటన విని రన్నర్లు చెయ్యగలిగింది ఏమీ లేదు.