హనుమంతుడి ఉంగరం.. గడ్డం కింద గుద్దు!

థాయ్‌లాండ్ వాళ్ల యుద్ధవిద్య మువాయ్ థాయ్. నేర్చుకోవాలంటే బ్యాంకాక్ దాకా పోవాలేమో గానీ, ఆశ్చర్యపోవడానికి కోరాపుట్, రాయగడల్లో కూర్చున్నా చాలు. కాచుకోండి మరి!

మీకు తెలుసా? బాక్సర్‌కు ఆయుధాలు రెండు పిడికిళ్లే. మువాయ్ థాయ్‌లో ఎనిమిది! పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, కాళ్లు.. అన్నీ రెండేసి. ఎదుటివాడు లెక్క పూర్తి చేసేలోపే ఒకటి తగిలేస్తుంది.

మీకు తెలుసా? పాతకాలపు పాఠంలో 15 పెద్ద పట్లు, 15 చిన్న పట్లు. అందులో ఒకటి ‘హనుమంతుడు ఉంగరం సమర్పించడం’. రెండు పిడికిళ్లూ ఒకేసారి గడ్డం కిందికి! అశోకవనంలో పుచ్చుకున్న సీతమ్మకు ఆనందబాష్పాలు. ఇక్కడ పుచ్చుకున్నవాడికి ఉత్త బాష్పాలే.

మీకు తెలుసా? వంగి, కింది నుంచి గడ్డం మీద గుద్దితే అది ‘మేరుపర్వతాన్ని ఎత్తడం’. ‘హిరణ్యాక్షుడు భూమిని చుట్టేయడం’ అనే పట్టూ ఉంది. పురాణ కాలక్షేపానికి వెళ్తే పళ్లు రాలడం ఇక్కడే!

మీకు తెలుసా? పందేనికి ముందు గురువుకు దండం పెట్టి, బరిలో నాట్యం చేయాలి. పోటీ సాగినంతసేపూ సన్నాయిలాంటి వాద్యం, డోళ్లు, తాళాలు మోగుతూనే ఉంటాయి. మన కొండల్లో మోరి, తుడుము మోగితే థింసా అడుగులు. అక్కడ మోగితే మోకాలి పోట్లు!

మీకు తెలుసా? చేతికి గ్లౌజులు వచ్చింది 1920ల్లోనే. అంతకుముందు పిడికిలికి తాడు చుట్టుకుని కొట్టుకునేవారు. గ్లౌజులు తెచ్చిన మహానుభావుడికి థాయ్ ముక్కులన్నీ రుణపడి ఉన్నాయి.

మీకు తెలుసా? 1774లో బర్మాలో బందీగా ఉన్న నాయ్ ఖనోమ్ తోమ్, అక్కడి వస్తాదులను ఒకరి తర్వాత ఒకరిని మట్టికరిపించి, రాజు మెప్పుతో విడుదల పొందాడని కథ. జైలు గోడ దూకేవాళ్లను చూశాం, గుద్దుకుంటూ బయటపడినవాడు ఈయనే!

మీకు తెలుసా? మువాయ్ థాయ్‌లో ఆరితేరిన శాన్‌సాక్ ముయాంగ్‌సురిన్ బాక్సింగ్‌లోకి దిగి, 1975లో మూడో పోటీకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మూడో రోజుకు మనకు ఒళ్లు నొప్పులైనా తగ్గవు!

మీకు తెలుసా? బ్యాంకాక్‌లో లుంఫినీ స్టేడియం తెరిచింది 1956లో. ఆ బరిలో ఆడవాళ్లు తలపడింది 2021లో. మోచేతి దెబ్బలకు జడవని మగవాళ్లు 65 ఏళ్ల పాటు దేనికి జడిశారో!

ఆఖరిది. ‘ఐరావతం దంతం ఎత్తడం’ అనే పట్టు కూడా వాళ్ల చిట్టాలో ఉంది. పేరులోనే ఏనుగు! రాయగడ నుంచి కిందికి దిగి పార్వతీపురం దాటితే వీరఘట్టం వస్తుంది. 1882లో అక్కడ పుట్టిన కోడి రామమూర్తి నాయుడు నిజం ఏనుగునే ఛాతీ మీద నిలబెట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?