తొలి పదునుకు ట్రాక్టరు సిద్ధమేనా?

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి కొసన కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న పెద్దతిప్పసముద్రం, ములకలచెరువు, తంబళ్లపల్లె, బి.కొత్తకోట మండలాల్లో మెట్ట సేద్యం ప్రధానంగా ఎర్ర నేలల మీద, వాన మీద ఆధారపడి సాగుతుంది. స్థానికులు చెనిక్కాయ అని పిలుచుకునే వేరుశనగ ఇక్కడి ముఖ్యమైన పంట కాగా, దాని సాళ్ల నడుమ కంది, చేలల్లో రాగి, ఉలవ, చెరువుల కింద వరి, బోర్ల కింద టమాటా కనిపిస్తాయి. నైరుతి వానలను నమ్ముకొని జూన్ రెండో పక్షం నుంచి జులై నెలాఖరు దాకా విత్తనం వేసే ఈ ప్రాంతంలో, ఆ ఆరు వారాల్లోనూ విత్తడానికి నిజంగా పనికొచ్చే రోజులు కొద్దిపాటివే. గింజ మొలకెత్తడానికి చాలినంత తేమ నేలలో ఉండి, ఇనుముకు మట్టి అంటుకోనంతగా పైపొర ఆరిన స్థితిని రైతులు పదును అంటారు; ఇసుకపాలు ఎక్కువైన ఎర్ర నేలలో అది మూడు నాలుగు రోజులకు మించి నిలవడం అరుదు.

ఆ మూడు నాలుగు రోజుల విలువను లెక్క కట్టడం కష్టమేమీ కాదు. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్ల ఎడం ఉండే ఎనిమిది సాళ్ల విత్తన గొర్రు ఒక్క పోతలో 2.4 మీటర్ల వెడల్పు నేలను విత్తుతుంది. ట్రాక్టరు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడిచినా, మలుపుల్లోనూ గింజలు నింపుకోవడంలోనూ మూడో వంతు కాలం పోయిందనుకుంటే, గంటకు ఒకటిన్నర ఎకరా, పది గంటల దినానికి 15 ఎకరాలు పూర్తవుతాయి. అంటే పదును ఉన్న రోజున ఒక ట్రాక్టరు మరమ్మతు కోసం నిలిచిపోతే, ఐదారు చిన్న కమతాల విత్తనం ఆగిపోతుంది. సొంత ట్రాక్టరు లేని రైతులే అధికమైన ఊళ్లలో సేద్యం గంట బాడుగ మీద నడుస్తున్నందున, ఆ నష్టం యంత్రం యజమానికి ఒక రోజు బాడుగతో సరిపోగా, మిగిలినదంతా వరుసలో నిలబడిన రైతుల మీద పడుతుంది. కాబట్టి ఖరీఫ్‌కు ముందు ట్రాక్టరును సిద్ధం చేయడమన్నది యజమాని సొంత వ్యవహారంగా కనిపించినప్పటికీ, నిజానికి అది ఊరంతటికీ సంబంధించిన పని.

ఎడ్ల కాలంలో ఈ పనికి ఒక తేదీ, ఒక స్థలం ఉండేవి. జ్యేష్ఠ మాసపు ఏరువాక పున్నమి నాటికి మడకలు, గొర్లు, గుంటకలు సరిచేయించుకోవడం ఆనవాయితీగా ఉండేది. కర్రు సాగగొట్టే కమ్మరి, కాడిమాను చెక్కే వడ్రంగి ఊళ్లోనే దొరికేవారు. ఎక్కువ ఎత్తు పెరగని పుంగనూరు జాతి పశువులు పాడితో పాటు తేలికపాటి దుక్కికి కూడా అక్కరకొచ్చిన సీమ ఇది. ఇప్పుడు ఎడ్లు కొట్టం నుంచి వెళ్లిపోయాయి, కమ్మరి కొలిమి చాలా ఊళ్లలో చల్లారింది, యంత్రం పాడైతే మెకానిక్కు కోసం మదనపల్లెకో బి.కొత్తకోటకో ఫోను చేయవలసి వస్తోంది. ఏరువాక పండుగ మిగిలింది గాని, దాని వెనకనున్న తయారీ క్రమం ట్రాక్టరుకు సంక్రమించలేదు.

విశ్రాంతి ఎరుగని యంత్రం

ఉత్తర అమెరికా గోధుమ మైదానాల్లో 200 నుంచి 500 అశ్వశక్తి దాకా ఉండే భారీ ట్రాక్టర్లు మంచు నెలలన్నీ షెడ్డులో గడిపి, వసంతపు విత్తనాలకు ముందు బయటికి వస్తాయి. అక్కడి వారికి చిక్కులు తెచ్చేది చలి, తుప్పు, నెలల తరబడి కదలకుండా ఉండటం. పెద్దతిప్పసముద్రం ప్రాంతంలో పెద్ద బండి అంటే 40 నుంచి 50 అశ్వశక్తి ట్రాక్టరే. దాని కష్టం సరిగ్గా ఇందుకు విరుద్ధమైనది. జనవరి నుంచి మే దాకా అది ట్రాలీ తగిలించుకొని ఇటుకలు, ఎరువు, చెరువు మట్టి, టమాటా పెట్టెలు మోస్తూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ తయారీ అంటే నిద్ర లేపడం కాదు, అలిసిన యంత్రానికి ఊపిరి తిప్పుకోనివ్వడం.

ఊపిరి అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే ఎర్ర ధూళిలో తిరిగే ఇంజనుకు తొలి శత్రువు అది పీల్చే గాలే. చాలా ట్రాక్టర్లలో ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అనే సాధనం లోపలికి వచ్చే గాలిని నూనె తొట్టి మీదుగా మళ్లించి, ధూళిని ఆ నూనెలో చిక్కించి, శుభ్రమైన గాలిని ఇంజనుకు పంపుతుంది. తొట్టిలో బురద పేరుకుపోతే ధూళి నేరుగా సిలిండర్లలోకి చేరి పిస్టన్ రింగులను, లైనర్లను సన్నటి గరకు కాగితంలా అరగదీస్తుంది. అరిగిన ఇంజను నూనె తాగుతూ నీలిపొగ వదులుతుంది, బరువు పడగానే గొంతు మారుతుంది. దుక్కి రోజుల్లో రోజూ ఈ తొట్టిని విప్పి చూసి, గీత దాకా మాత్రమే కొత్త నూనె పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను ఆ నూనెనే పీల్చుకొనే ప్రమాదముంది. ఇంత చవకైన పనిని ఇంతగా నిర్లక్ష్యం చేయడం మరే యంత్రం విషయంలోనూ కనిపించదు.

ఇంజను నూనెను సాధారణంగా 250 గంటలకొకసారి, ఫిల్టరుతో సహా మార్చాలని తయారీదారులు చెబుతారు. ఎన్ని గంటలు నడిచిందో చూపే హవర్ మీటరు పనిచేయని బండ్లు అనేకం కాబట్టి, విత్తనాలకు ముందు ఒకసారి మార్చడాన్నే నియమంగా పెట్టుకోవడం మేలు. డీజిల్ విషయంలో చిక్కు నీటిది: పగటి వేడికి, రాత్రి చల్లదనానికి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ పట్టి, నీటి బొట్లు అడుక్కు చేరి, అక్కడి నుంచి ఇంధన పంపును, సన్నటి రంధ్రాలతో డీజిల్ చిమ్మే నాజిళ్లను తుప్పు పట్టిస్తాయి. రాత్రి ట్యాంకు నింపి ఉంచడం, ఫిల్టరు అడుగు మర తిప్పి నీరు వదలడం, ఫిల్టరు మార్చిన తర్వాత గొట్టాల్లో చిక్కుకున్న గాలిని తీసేయడం, ఇవన్నీ పానాతో ఇంటి దగ్గరే అయ్యే పనులు. 2023 జనవరి నుంచి 50 అశ్వశక్తి దాటిన ట్రాక్టర్లకు కఠినమైన కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చి, వాటిలో కంప్యూటరు అదుపు చేసే ఇంధన వ్యవస్థలు చేరడంతో ఆ తరగతి బండ్లకు పానా ఒక్కటే చాలదు. ఈ ప్రాంతంలో ఎక్కువగా తిరిగేవి ఆ హద్దుకు లోపలివే కావడం ఇప్పటికి ఒక ఊరట.

రేడియేటరు రేకుల్లో చెత్త, బెల్టు బిగువు, బ్యాటరీలో శుద్ధజలం వంటివి అందరికీ తెలిసినవే. బ్రేకుల గురించి మాత్రం ఒక మాట తప్పదు. పొలంలో చటుక్కున మలుపు తిరగడానికి వీలుగా ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. రోడ్డెక్కే ముందు రెంటినీ కొక్కెంతో కలపకపోయినా, రెండూ సమానంగా పట్టకపోయినా, వేగంలో బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగి బోల్తా పడే ప్రమాదముంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, పలు విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి కొనే ఒక్కరి కంటే, పాతబండికి టైర్లు మార్చుకోవలసిన పదిమందికి ఈ రెండో తగ్గింపే ఎక్కువ అక్కరకొస్తుంది.

బరువు, పట్టు, నేల

ఐరిష్ ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ గత శతాబ్దపు తొలి సగంలో రూపొందించిన మూడు కొక్కేల అమరిక, హైడ్రాలిక్ లిఫ్టు నేటి దాదాపు ప్రతి ట్రాక్టరు వెనకా ఉన్నాయి. 1960లో చెన్నైలో మొదలైన టఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ పేరుతో ట్రాక్టర్లు తయారు చేయడంతో ఆ పేరు దక్షిణాది పల్లెలకూ చేరింది. ఈ లిఫ్టుకు రెండు మీటలుంటాయి. ఒకటి నేల గట్టిదనాన్ని బట్టి పనిముట్టును కాస్త పైకెత్తుతూ దించుతూ ఇంజను మీద భారాన్ని సమంగా ఉంచుతుంది, ఇది దుక్కికి. రెండోది పనిముట్టును పెట్టిన ఎత్తులో నిలుపుతుంది, ఇది విత్తనానికి. దుక్కి మీట మీదే ఉంచి విత్తితే గొర్రు గట్టి నేల తగిలినచోట పైకి లేచి, గింజ ఒకచోట ఐదు సెంటీమీటర్ల లోతున, మరోచోట పైపైన పడి, మొలక ఎగుడుదిగుడుగా వస్తుంది. మేలోనే లిఫ్టు నూనె మట్టం చూసి, పనిముట్టును ఎత్తి ఇంజను ఆపి, అది కిందికి జారుతోందో లేదో గమనిస్తే సీళ్ల స్థితి తెలిసిపోతుంది.

వేసవి అంతా బరువు మోసిన బండి వెనక టైర్లలో గాలి ఎక్కువగా కొట్టి ఉంటుంది. అదే గాలితో చేలోకి దిగితే టైరు నేలను కొద్దిపాటి చోటే తాకి, చక్రం జారుతుంది, మట్టి అణిగిపోతుంది. పొలం పనికి వెనక టైర్లలో 12 నుంచి 14 పౌండ్ల గాలి చాలు. పట్టు చాలకపోతే ట్యూబులో ముప్పాతిక వంతు నీరు నింపుకోవచ్చు, లేదా చక్రాలకు ఇనుప బరువులు తగిలించవచ్చు. జారుడు కొలవడానికి టైరు మీద సుద్దగీత గీసి, పనిముట్టు ఎత్తి పది చుట్లు నడిపి, ఆ దూరాన్నే దుక్కి చేస్తూ మళ్లీ నడపాలి. పదకొండున్నర చుట్లు పడితే జారుడు 13 శాతం. 15 శాతం దాటితే డీజిల్ ఖర్చు పెరిగి, టైరు అరుగుతుంది.

భారీ యంత్రానికీ చిన్న కమతానికీ కుదరని పొత్తు ఎలా ఉంటుందో ఈ సీమకు ఒక అనుభవం ఉంది. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో ప్రదర్శన క్షేత్రం ఏర్పాటైనప్పుడు చిన్న రైతుల భూములను ఒకటిగా కలిపి, యంత్రాలతోనూ బిందు సేద్యంతోనూ సాగు చేశారు. బిందు సేద్యం ఆ తర్వాత విస్తరించింది గాని, హద్దులు చెరిపి భారీ యంత్రాలను నడిపే పద్ధతి మీద అప్పట్లోనే గట్టి విమర్శలు వచ్చాయి, చిన్న రైతు దాన్ని అనుసరించనూ లేదు. అయితే చిన్న ట్రాక్టర్లతోనూ నేలకు చిక్కు తప్పడం లేదు: మట్టిని పొడి చేసే రోటవేటరును ఏటేటా ఒకే లోతున తిప్పడం వల్ల దుక్కి అడుగున గట్టి పొర ఏర్పడి, వాన నీరు, వేర్లు కిందికి దిగలేకపోవడం నేటి సమస్య. వేసవి జల్లులకు వాలుకు అడ్డంగా లోతు దుక్కి చేస్తే ఆ పొర కొంత పగలడమే కాక, వేరుశనగకు బెడదగా మారే వేరుపురుగు, ఎర్ర గొంగళిపురుగు కోశస్థ దశలు ఎండకు, పక్షులకు చిక్కుతాయి.

గొర్రు లెక్క

తయారీలో అన్నిటికంటే తక్కువ మంది చేసేది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది విత్తన గొర్రును తూకం వేసి చూడటం. ఎడ్ల గొర్రు మీది జడ్డిగం అనే చెక్క గిన్నెలోకి గింజలు జారవిడిచే చేతికి అనుభవమే కొలత; అనంతపురం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ‘అనంత’ వంటి ట్రాక్టరు గొర్లలో ఆ పనిని నేల మీద దొర్లే చక్రం, దానికి గొలుసుతో తగిలించిన గింజల పళ్లేలు చేస్తాయి. చక్రం ఎంత తిరిగితే అంత విత్తనం. కాబట్టి లెక్క ఇంటి ముంగిట్లోనే తేలుతుంది. చక్రం అడ్డుకొలత 40 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు 1.26 మీటర్లు, 20 చుట్లకు 25 మీటర్లు, దాన్ని 2.4 మీటర్ల వెడల్పుతో గుణిస్తే 60 చదరపు మీటర్లు, అంటే ఎకరాలో సుమారు 67వ వంతు. ఎకరాకు 60 కిలోల పప్పు వేయదలిస్తే, గొర్రును ఎత్తి నిలిపి చక్రాన్ని 20 సార్లు చేత్తో తిప్పినప్పుడు ఎనిమిది గొట్టాల కింద సంచుల్లో కలిపి 900 గ్రాములు పడాలి. మొత్తం సరిపోతే చాలదు, ఎనిమిది సంచులూ దాదాపు సమానంగా తూగాలి. ఒకటి తక్కువ తూగితే ఆ గొట్టం పూడుకొని ఉండవచ్చు, పళ్లెం అరిగి ఉండవచ్చు. ఆ లోపం చేలో బయటపడేది పది రోజుల తర్వాత, మొలవని సాలుగా మాత్రమే.

గింజ రకం మారితే ఈ లెక్క మళ్లీ చేయాలి. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకాల్లోనే గింజ పరిమాణం ఒకేలా ఉండదు. పళ్లెం గుంట చిన్నదైతే గింజ నలిగి పల్చటి పొర ఊడుతుంది. పొర ఊడి బద్దలైన గింజ మొలవదు. మందు పట్టించిన విత్తనాన్ని నీడన బాగా ఆరబెట్టకపోతే పెట్టెలో అంటుకొని ఖాళీలు వస్తాయి.

వేరుశనగలో కందిని 7:1 నిష్పత్తిలో వేయాలన్న సిఫారసు ఎనిమిది సాళ్ల గొర్రుకు చక్కగా అమరుతుంది గాని, ఇందులో ఒక కిటుకు ఉంది. కంది పెట్టెను చివరి గొట్టానికి పెడితే, ట్రాక్టరు మలుపు తిరిగి పక్కనే వచ్చేటప్పుడు రెండు కంది సాళ్లు ఒకదాని పక్కన ఒకటి పడతాయి. నాలుగో గొట్టానికి పెడితే నడుమ ఒకసారి ఎనిమిది, ఒకసారి ఆరు వేరుశనగ సాళ్లు వచ్చి సగటున ఏడు నిలుస్తాయి.

ఈ విద్యను నేర్పే చోటు లేకపోలేదు. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1983లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో నెలకొల్పిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకు, మెకానిక్కులకు శిక్షణ ఇస్తుంది. యంత్రాలను ఊళ్లకు చేర్చే ప్రయత్నాలూ సాగాయి. 2022 జూన్ 7న గుంటూరులో యంత్ర సేవా పథకం కింద రైతు సంఘాలకు 3,800 ట్రాక్టర్లను 40 శాతం రాయితీతో అందించారు. అయితే ఇలాంటి పథకాలన్నీ యంత్రం చేతికివ్వడం దగ్గరే ఆగిపోతున్నాయి. ఏటా మే నెలలో మండలానికొక మెకానిక్కును, ఒక త్రాసును రైతు సేవా కేంద్రానికి పంపి ఊరి ట్రాక్టర్లన్నిటినీ ఒకసారి పరీక్షించడానికి అయ్యే ఖర్చు, ఒక కొత్త ట్రాక్టరు రాయితీ కంటే ఎన్నో రెట్లు తక్కువ.

అది జరిగే దాకా బాడుగకు తీసుకునే రైతుకు ఒక దారి మిగిలే ఉంది: బయానా ఇచ్చే ముందే, వాన పడకముందే, తన విత్తనం తెచ్చి గొర్రు చక్రాన్ని 20 సార్లు తిప్పి తూకం చూపించమని అడగాలి. ఒప్పుకోని బండిని వదిలి, ఒప్పుకున్న బండికే బయానా ఇవ్వాలి.