2.4 తుపాకీ గొట్టం లోపలి క్రోమియం పూత

తుపాకీ గొట్టం లోపలి భాగాన్ని అరుగుదల నుంచి, తుప్పు నుంచి కాపాడేందుకు విద్యుల్లేపనం ద్వారా క్రోమియం పూత వేస్తారు. క్రోమిక్ ఆమ్లం, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో గొట్టం కాథోడ్‌గా, దాని మధ్యలో నిలిపిన కడ్డీ ఆనోడ్‌గా పనిచేస్తాయి.

పూత 25 మైక్రాన్ల మందం ఉంటే, అది గోడ చుట్టూ పడుతుంది కాబట్టి రంధ్రం వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది. అందుకే ముందుగా ఆ మేరకు లోహాన్ని తొలగిస్తారు. పాత రివాల్వర్‌లో ఇలా తొలగించిన అసలు లోహం మళ్లీ రాదు. లోపలి గాడుల ఆకారమూ మారుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నటువంటి చారిత్రక ఆయుధాలకు తేమ తగలకుండా భద్రపరచడమే తగిన పద్ధతి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పూత మందం 20 మైక్రాన్లయితే వ్యాసం ఎంత తగ్గుతుంది?

జవాబు: 40 మైక్రాన్లు.