మార్కెట్ జోక్యం

2025 వేసవిలో పర్చూరు, ఇంకొల్లు వైపు నల్ల బర్లీ పొగాకు కొనేవాళ్లు లేక ధర పడిపోయినప్పుడు పేపర్లలో పదేపదే కనిపించిన మాట ఇది. ప్రైవేటు కొనుగోలుదారులు మొహం చాటేస్తే ప్రభుత్వమే నిర్ణీత ధరకు సరుకు కొనడమన్నమాట. ఆంధ్రప్రదేశ్ ఈ పనిని రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌కు అప్పగించింది. 2 కోట్ల కిలోలు కొంటామని చెప్పింది.

గుంటూరులో పొగాకు బోర్డు ఉండగా మార్క్‌ఫెడ్ ఎందుకు? 1976 నుంచి ఉన్న ఆ బోర్డు వేలాలు బ్యారన్‌లో క్యూరింగ్ చేసే వర్జీనియా రకానికే. బర్లీకి బ్యారన్ అక్కర్లేదు. ఆకును తాళ్లకు దండల్లా గుచ్చి పందిళ్ల మీద ఆరేస్తారు. బోర్డు వేలమూ లేదు కాబట్టి కంపెనీ ఎంతంటే అంత.

అమెరికా దారి వేరు. ఎవరెంత పొగాకు అమ్మవచ్చో నిర్ణయించే కోటాలను 2004లో ఎత్తేసి, 2005 నుంచి 2014 దాకా విడతలుగా పరిహారం ఇచ్చింది. కోటా యజమానికి పౌండుకు మొత్తం 7 డాలర్లు, పండించినవాళ్లకు 3. వాటా తక్కువే అయినా, సాగుచేసేవాడు వేరే ఉంటాడని లెక్కలోనైనా ఒప్పుకుంది.

తెలంగాణలో ఆ ఒప్పుకోలూ లేదు. రైతు భరోసా పేరుతో ఇచ్చే పెట్టుబడి సాయం ఎకరాకు ఏటా 12,000 రూపాయలు. అది పట్టాదారుకే. ఆయన మాదాపూర్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా డబ్బు పడిన మెసేజ్ వస్తుంది, పొలంలో ఉన్న కౌలుదారుకు రాదు. మార్కెట్ జోక్యంలో మాత్రం డబ్బు, కనీసం సూత్రంలోనైనా, పాసుపుస్తకం వెంట కాక సరుకు వెంట నడుస్తుంది. కాకపోతే అప్పటికే అయినకాడికి తెగనమ్ముకున్నవాళ్లకు దక్కేదేమీ ఉండదు.