పాత కథ, కొత్త సీరియల్, ప్రేక్షకుడి ఎదురుచూపు

ఒక రచన వెలువడిన తర్వాత పాఠకుడు దాన్ని ఎలా స్వీకరించాడన్నది విమర్శకులు తరచు చర్చించే విషయమే. వెలువడక ముందు అతని మనసులో ఏం జరుగుతుందన్నది మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. టెలివిజన్ ధారావాహికల కాలంలో ఈ రెండో విషయాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. కథ మొదలుకాక ముందే అభిమానులు దాని గురించి మాట్లాడుకుంటారు, ఊహిస్తారు, పోట్లాడుకుంటారు. ఈ ఎదురుచూపు స్వభావం ఏమిటి? అది ఎవరికి ఉపయోగపడుతుంది? రచయిత దాన్నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉందా? ఈ ప్రశ్నలను పరిశీలించడానికి ఒక అమెరికన్ ఉదాహరణ తీసుకుందాం.

2011 అక్టోబరు 23న ఎ.బి.సి. టెలివిజన్ సంస్థ ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అనే ధారావాహికను ప్రారంభించింది. దాని సృష్టికర్తలు ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హోరోవిట్జ్. దుష్టరాణి పెట్టిన శాపం వల్ల స్నో వైట్ మొదలైన కథాపాత్రలు అమెరికాలోని ఒక కల్పిత పట్టణానికి చేరి, తామెవరో మరిచిపోయి, మామూలు మనుషులుగా బతుకుతుంటాయి. ఇదీ ఇతివృత్తం. మొదటి భాగాన్ని దాదాపు 1 కోటి 29 లక్షల మంది చూశారు. 2013 మేలో ఆ సంస్థ దీనికి అనుబంధంగా ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ వండర్‌లాండ్’ అనే మరో ధారావాహికను ప్రకటించింది. ఇటువంటిదాన్ని స్పిన్‌ఆఫ్ అంటారు. తల్లి ధారావాహికలోని లోకాన్నో, ఒక పాత్రనో తీసుకుని వేరు కాపురం పెట్టించడమన్నమాట. కొత్త ధారావాహిక మొదటి భాగం అక్టోబరు 10న ప్రసారమయింది. ప్రకటనకూ ప్రసారానికీ మధ్య అయిదు నెలలు గడిచాయి. మన పరిశీలనకు అవసరమైన కాలం అదే.

అందరికీ తెలిసిన కథ కోసం మళ్లీ ఎదురుచూడటమేమిటని అనిపించవచ్చు. కాని అద్భుత కథకు తిరిగి చెప్పబడటమే జీవం. గ్రిమ్ సోదరులు 1812లో మొదట ప్రచురించిన సంపుటంలో స్నో వైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమె సవతితల్లి అయింది. 1857లో చివరి ముద్రణ వెలువడేదాకా ఆ సోదరులు కథలను దిద్దుతూనే వచ్చారు. లూయీ కారొల్ 1865లో ప్రచురించిన ఆలిస్ కథ జానపదం కాదు, ఒక రచయిత కల్పన. అయినా కాలక్రమేణా అదీ ఉమ్మడి ఆస్తిలో కలిసిపోయింది. గనుక ఇక్కడ ప్రేక్షకుడి ఆసక్తి “ఏం జరుగుతుంది?” అన్నదాని మీద కాదు. “ఈసారి ఏం మారుస్తారు? పోయినసారి ఎవరికి జరిగిన అన్యాయాన్ని ఈసారి సరిదిద్దుతారు?” అన్నదాని మీద.

కొత్త ధారావాహిక ప్రారంభ సన్నివేశాలు ఈ ఆసక్తికి సరిగ్గా తగినవి. విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఆలిస్ పిచ్చాసుపత్రిలో ఉంటుంది. తాను చూసిన అద్భుతలోకం గురించి చెప్పడమే ఆమె నేరం. తండ్రి నమ్మలేదు, వైద్యులు నమ్మలేదు. జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టే చికిత్సకు ఆమె చివరికి ఒప్పుకుంటుంది. ఆ దశలో తెల్లకుందేలూ, ఆఠీను జాకీ వచ్చి, చనిపోయాడనుకున్న ఆమె ప్రియుడు బతికే ఉన్నాడని చెప్పి విడిపిస్తారు. మరో పక్క ఎర్రరాణి కథ నడుస్తుంది. ఆమె సిండరెల్లాకు అక్క వరస అయిన అనస్తాసియా. ఆఠీను జాకీని ప్రేమించి, అతనితో అద్భుతలోకానికి లేచిపోయి, అక్కడ పేదరికాన్ని భరించలేక కిరీటాన్ని ఎంచుకుంటుంది. పాత కథలు సగంలో వదిలేసిన మనుషులు వీళ్లు. కథ చెప్పిన ఆడపిల్లను లోకం ఏం చేసింది? హేళనకు మాత్రమే పనికివచ్చిన అక్క తర్వాత ఏమయింది? పాత కథను ప్రేమించినవాడే అడగగల ప్రశ్నలివి. ఈ కోణంలో చూస్తే ఎదురుచూపు కూడా ఒక రకం విమర్శే. పాత కథలోని ఖాళీలను గుర్తించడంతోనే అది మొదలవుతుంది.

శ్రోత కోరిక కథను నడపడం మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ చట్రాన్ని గుర్తుచేసుకోండి. మజిలీ మజిలీకి కథ చెప్తానంటేనే గోపకుమారుడు మణిసిద్ధుడి వెంట కాశీకి బయలుదేరాడు. దారిలో కంటబడ్డ వింతనల్లా చూపించి, దాని కథ చెప్పమని పట్టుబట్టేవాడు అతనే. అంటే అక్కడ శ్రోత షరతు పెట్టగలడు. చెప్పేవాడు ఆ షరతుకు కట్టుబడతాడు. ఇద్దరి మధ్యా మూడోవాడు లేడు.

టెలివిజన్‌లో మూడోవాడున్నాడు. అతడు ప్రకటనదారు. ఎ.బి.సి. వంటి సంస్థ ప్రేక్షకులకు కథను అమ్మదు. ప్రకటనదారులకు ప్రేక్షకులను అమ్ముతుంది. ఆ బేరంలో ముఖ్యంగా లెక్కకు వచ్చేది 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసువాళ్లు. వాళ్లలో ఎంత శాతం చూశారో నీల్సన్ సంస్థ లెక్కగట్టి చెప్తుంది. ఎంత గాఢంగా ఎదురుచూశారన్నది ఆ లెక్కలో లేదు. ఇతర దేశాల్లోని అభిమానులూ అందులో లేరు. ఈ ధారావాహికను మొదట తల్లి ధారావాహికకు మధ్యలో వచ్చే విరామాన్ని పూరించడానికి అనుకున్నారు. తర్వాత గురువారం రాత్రి 8 గంటలకు మార్చారు. అదే వేళకు సి.బి.ఎస్.లో ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ అనే అత్యంత జనాదరణ గల హాస్య ధారావాహిక వస్తుండేది. కొత్త ధారావాహిక మొదటి భాగాన్ని 58 లక్షల మంది దాకా చూశారు. తల్లి ధారావాహికతో పోలిస్తే సగం కూడా కాదు. తర్వాత ఆ సంఖ్య ఇంకా తగ్గింది.

ఇంకో విషయం కూడా గమనించాలి. ఉమ్మడి కథల చుట్టూ ఇక్కడ ఒక కంచె ఉంది. ఎ.బి.సి. 1996 నుంచి డిస్నీ సంస్థ సొత్తు. సిండరెల్లా అక్కకు అనస్తాసియా అన్న పేరు 1950 నాటి డిస్నీ చిత్రంలోనిది. ఇందులో ప్రతినాయకుడైన జాఫర్, అతని అగ్రబా నగరం 1992 నాటి డిస్నీ అల్లావుద్దీన్ చిత్రం నుంచి వచ్చినవి. ప్రజల నోట పెరిగిన కథ ఒక సంస్థ ముద్రతో తిరిగి ప్రజలకే చేరుతున్నది. ప్రేక్షకుడు తన చిన్ననాటి కథ కోసం ఎదురుచూస్తున్నాననుకుంటాడు. నిజానికి చిన్ననాటి చలనచిత్రం కోసం ఎదురుచూస్తుంటాడు. అభిమానపు బలహీనత కూడా ఇక్కడే ఉంది. పరిచయమైన పేరు వినగానే సంతృప్తి పడితే, ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. తూర్పుదేశపు మాంత్రికుడే ఎందుకు దుష్టుడు కావాలి? తండ్రి అయిన సుల్తాను కొడుకుగా ఒప్పుకోని అనాథగా జాఫర్‌కు ఒక గతాన్ని కల్పించారు కాని, మూసను మాత్రం పగలగొట్టలేదు. అనస్తాసియా పేదరికం కూడా ప్రేమద్రోహానికి కారణంగా మిగిలిందే తప్ప, దానంతటది ఇతివృత్తం కాలేదు.

2014 మార్చిలో ధారావాహిక కొనసాగదని ప్రకటించారు. ఏప్రిల్ 3న 13వ భాగంతో ముగిసింది. సంస్థ దృష్టిలో ఇది వైఫల్యం. కాని కథను ఏళ్ల తరబడి సాగదీయకుండా సంపూర్ణంగా చెప్పాలన్నది తమ ఉద్దేశమని సృష్టికర్తలు ముందే చెప్పి ఉన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. ముడులన్నీ విడిపోయి కథ పూర్తయింది. 155 భాగాలు సాగి 2018లో ముగిసిన తల్లి ధారావాహిక కంటే ఇది సుఖంగా గమ్యం చేరిందని చెప్పవచ్చు. కథకుడి కొలబద్దకు నిండుగా కనిపించేది వ్యాపారి తూకానికి తక్కువ కావచ్చు. ఈ రెండు కొలతలనూ ఒకటిగా భావించడమే ఈ కాలంలో రచయితలకు పొంచి ఉన్న ప్రమాదం.

ఆ ధారావాహిక చివరి దృశ్యంలో ఆలిస్ తన కూతురికి కథ చెప్తూ కనిపిస్తుంది. కథ చెప్పినందుకు పిచ్చిదన్న ముద్ర పడిన మనిషికి, నమ్మి వినే శ్రోత దొరికింది. అభిమానులు ఎదురుచూసింది కూడా అటువంటి విశ్వాసం కోసమేనని నా అభిప్రాయం. రచయిత ఈ ఎదురుచూపును చిన్నచూపు చూడకూడదు. అలాగని దానికి దాసుడూ కాకూడదు. పాఠకుడు కోరినదల్లా ఇవ్వడం గుమాస్తా పని. కోరిక వెనక ఉన్న ప్రశ్నను పట్టుకోవడం రచయిత పని. పాత కథను తిరిగి రాయడానికి పూనుకునే యువ రచయితలు కలం పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ కథలో ఇన్నాళ్లూ ఎవరి మాట ఎవరూ నమ్మలేదు?