పోలీసు ఇంటి ప్రేమకథ

అపరాధపరిశోధన నవల చేతబట్టిన పాఠకుడు హంతకుడెవడని అడుగును. ప్రేమనవల చదువునపుడు నాయిక ఎవరిని వరించునని అడుగును. ఈ రెండు ప్రశ్నలును పోలీసు ఉద్యోగి గుమ్మమున ఒక్కమారే ఎదురైనచో కథ ఎట్లు నడుచునో విచారింతము.

ఈ కలయిక క్రొత్తది కాదు. 1868లో విల్కీ కాలిన్స్ అను ఆంగ్లరచయిత ప్రకటించిన ‘మూన్‌స్టోన్’ నవలలో, తాను ప్రేమించినవాడే వజ్రమును తీయుట రేచెల్ అను యువతి కన్నులార చూచును. చూచియు ఎవరికిని చెప్పదు. పరిశోధనకు అడ్డుపడినది దొంగతెలివి కాదు, ఆమె మౌనము.

తెలుగున దేవరాజు వేంకటకృష్ణారావుగారి ‘వాడే వీడు’ ఇరువదవ శతాబ్ది రెండవ దశకముననే వెలువడినది. తరువాత కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ ఎందరికో ఆప్తుడయ్యెను. అతడు ప్రైవేటు డిటెక్టివు; నచ్చని కేసును మానుకొనగలడు. పోలీసు అధికారికి అట్టి స్వేచ్ఛ తక్కువ.

అనంతపురమునే రంగముగా గైకొందము. ఇచట పోలీసు శిక్షణ కళాశాల కలదు. చుట్టును వాన కరవైన పీఠభూమి. ఒక హెడ్ కానిస్టేబులు కుమార్తెకు వివాహము నిశ్చయమైనదనుకొందము. ఊర హత్య జరిగినది. ఆ రాత్రి తాను చేసినది వరుడు ఆమెకు రహస్యముగా చెప్పెను. పంటలెండిన ఆ యేడు ఒక కూలివాడు మరునాడే పనికై బెంగుళూరు పోయెను. పొట్టకూటికి పోయినవానిని ఊరివారు పారిపోయినవాడనిరి. నేరము వానిపై పడినది. నిజమెరిగినది ఆమె ఒక్కతెయే.

ఇప్పుడు చట్టము చూడుడు. వివాహబంధమున నుండగా దంపతులు ఒకరితో నొకరు చెప్పుకొన్న మాటను బయటపెట్టుమని న్యాయస్థానము నిర్బంధింపదు. చెప్పినవారి సమ్మతి లేనిదే బయటపెట్టనీయదు కూడ. ఒకరిపై నొకరు చేసిన నేరపు విచారణలో మాత్రము ఈ రక్షణ లేదు. 1872 నాటి సాక్ష్యచట్టములోని ఈ నియమము, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమునను నిలిచియున్నది. ఈ రక్షణ మాటకే గాని కన్నులార చూచిన చేతకు చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పుచెప్పెను.

మన నాయికతో వరుడు చెప్పినది పెండ్లికి ముందు. తరువాత తాళి కట్టినను ఆ మాటకు రక్షణ రాదు. పోనీ, తండ్రియే కాబోవు అల్లుని గద్దించి నేరమొప్పించునందుమా? పోలీసు అధికారితో ఒప్పుకొన్న నేరము నిందితునిపై రుజువుగా చెల్లదు. ఆ మాటవలన ఆయుధమువంటి వస్తువు క్రొత్తగా బయటపడినచో, దానికి సంబంధించిన భాగము మాత్రమే చెల్లును. కనుక నాయకుడు గద్దించుటతో, నేరస్థుడు తలవంచుటతో ముగియు నవల న్యాయస్థానపు గడప దాటలేదు.

అందుచే కథాభారమంతయు ఆమెపై నిలుచును. నోరు విప్పినచో పెండ్లి తప్పును. విప్పనిచో పేదవాడొకడు చేయని నేరమునకు చెరసాల చేరును. రాత్రి అన్నము వడ్డించునపుడు తండ్రి ఆమె మొగమున ఏదో కనిపెట్టును; అడుగుటకు తండ్రిగా జంకును, అడుగకుండుటకు పోలీసువాడుగా జంకును. తుపాకి మ్రోతకంటె ఈ భోజనవేళ ఎక్కువ ఉత్కంఠ గలది.

ఇక మీదట ఇట్టి నవల చేతికి వచ్చినపుడు, హంతకుడెవడని మాత్రమే గాక, నిజమెరిగినవారెవరు, ఎవరికొరకు మౌనము వహించిరి, ఆ మౌనమునకు మూల్యము చెల్లించువాడెవడు అనియు అడుగుడు. మూడవ ప్రశ్నను మరువని నవలయే మంచి నవల.