అన్నంలోకి తియ్యటి క్యారెట్ కూర

క్యారెట్ అనగానే మనకి హల్వా గుర్తొస్తుంది. లేదంటే ఉప్మాలోనో, పులావులోనో రంగు కోసం నాలుగు ముక్కలు వేస్తాం. కొబ్బరికోరు చల్లి వేపుడూ చేస్తాం. అంతేగాని వెన్న, బెల్లం వేసి కూర చేశానంటే, "అదేం కూరండీ బాబూ, పాయసంలో ఉప్పేసినట్టు!" అని నవ్వేవాళ్ళే ఎక్కువ. నేనూ అలా నవ్వినదాన్నే, మొన్న డిసెంబరు దాకా.

మా ఆడపడుచు వాళ్ళు అమెరికాలో ఉంటారు. మొన్న సెలవులకి ఏడేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చింది. వాడు పుట్టాక మా ఇంటికి రావడం అదే మొదలు. మా అత్తగారి హడావుడి చూడాలి! మనవడికని పది రోజుల ముందు నుంచీ సున్నుండలు, జంతికలు, అరిసెలు. ఆవిడకి డెబ్భై దాటాయి, పళ్ళు సగానికి పైగా ఊడిపోయాయి, మోకాళ్ళు సరేసరి. అయినా పిండి కలపడానికి నన్ను దగ్గరికి రానిస్తేనా!

తీరా వచ్చాక వాడు ఏదీ ముట్టుకోడే! పప్పు కారం అన్నాడు, పెరుగన్నం వాసన అన్నాడు, సున్నుండ గొంతుకి అడ్డం పడిందన్నాడు. నాలుగు రోజులు బ్రెడ్డు మీదా చిప్స్ మీదా గడిచిపోయాయి. ఐదో రోజు మధ్యాహ్నం అత్తగారు ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెడితే, వాడు మొహం తిప్పేసుకుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. కంచం తీసి సింకులో పెట్టి గదిలోకెళ్ళి పడుకున్నారు. రాత్రి భోజనానికీ లేవలేదు. "వదినా, అమ్మకి కోపం వాడి మీదా, నా మీదా?" అంటూ మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇద్దరి మధ్యా నేను.

"అసలు అక్కడ వాడు ఏం కూర తింటాడే?" అని అడిగాను.

"క్యారెట్లు తింటాడు వదినా. తియ్యగా చేస్తే" అంది.

గ్లేజ్డ్ క్యారెట్స్ అంటారట. అంటే పైన మెరుపు పూసినవన్నమాట. అక్కడ నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ అని పెద్ద పండగ. కాల్చిన టర్కీ కోడి, బంగాళాదుంప ముద్ద, వాటి పక్కన చాలా ఇళ్ళలో ఈ క్యారెట్లు కూడా. వెన్న, బ్రౌన్ షుగర్ వేసి మగ్గిస్తారు. ఫ్రాన్సులోనూ విషీ అనే ఊరి పేరు మీద ఇలాంటిదే ఉంది. ఆ ఊరు ఊటనీళ్ళకి ప్రసిద్ధి. ఆ నీళ్ళతోనే క్యారెట్ ఉడికించడం అసలు పద్ధతి.

ఇంకేం, మర్నాడు నేను రంగంలోకి దిగాను. క్యారెట్ ముక్కలు ఉడికించి, నీళ్ళు వార్చేసి, విడిగా పంచదార పాకం పట్టి అందులో ముక్కలు వేశాను. చూస్తూండగానే పాకం ముదిరి, చల్లారేసరికి వేరుశనగ చిక్కీలా బిగుసుకుపోయింది! పిల్లాడు ఒకటి కొరికి, ఊసేశాడు. మావారు "ఉలీ సుత్తీ తేనా?" అన్నారు. మగవాళ్ళకేం, వంటింటి బయట నిలబడి ఎన్నయినా అంటారు.

అప్పటిదాకా ముభావంగా ఉన్న అత్తగారు గుమ్మం దగ్గరికొచ్చి, గిన్నెలోకి తొంగిచూశారు. "ఏమే, గుమ్మడికాయ బెల్లం కూర చేసేటప్పుడు ఉడికిన నీళ్ళు పారబోస్తావా?" అన్నారు. అంతే, నా తలకెక్కింది. ఇది కొత్త వంట కాదు, మనం చిన్నప్పట్నుంచీ తింటున్న గుమ్మడికాయ కూరకి దూరపు చుట్టం! ముక్క ఉడికిన నీళ్ళే ఇంకిపోతూ, వెన్నతో బెల్లంతో కలిసి ముక్కకి పట్టుకోవాలి. విడిగా పాకమెందుకు?

ఈసారి ఇద్దరం కలిసి చేశాం. ఎలాగంటే, అరకిలో క్యారెట్లు, రెండు పెద్ద చెంచాల వెన్న, రెండు పెద్ద చెంచాల బెల్లం తురుము, అర చెంచా ఉప్పు, కప్పు నీళ్ళు, చిటికెడు మిరియాల పొడి, అరచెక్క నిమ్మరసం. ఇంట్లో తీసిన వెన్న అయితే ఈ ఉప్పు సరిపోతుంది. అమూల్ లాంటి బజారు వెన్నలో ఉప్పు ముందే ఉంటుంది గనక సగం తగ్గించండి. మావాళ్ళకి ఐదుగురికి ఓ పక్క కూరగా సరిపోయింది.

క్యారెట్లు చెక్కు తీసి, పావంగుళం మందాన ఏటవాలుగా తరగండి. ముక్కలన్నీ ఒకే మందం ఉండాలి సుమండీ. లేకపోతే కొన్ని ముద్దయి కొన్ని పచ్చిగా ఉంటాయి. మూకుడు వెడల్పుగా ఉంటే మంచిది. ముక్కలు, నీళ్ళు, ఉప్పు, వెన్న వేసి మూతపెట్టి మధ్యరకం సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వండి. ముక్కలో చాకుమొన దిగి, మధ్యలో కాస్త పంటికి తగిలేలా ఉన్నప్పుడు బెల్లం వెయ్యాలి. ముందే వేస్తే ముక్క బిరుసెక్కి ఓ పట్టాన ఉడకదు. అత్తగారు గుమ్మడికాయకీ అంతే చేస్తారు. బెల్లంలో నలకలుంటే రెండు చెంచాల వేడినీళ్ళలో కరిగించి వడకట్టుకోండి.

బెల్లం వేశాక మూత తీసేసి, సెగ పెంచి, అక్కణ్ణుంచి కదలకండి. ఫోను మోగినా సరే! నీళ్ళు బుడగలు బుడగలుగా మరిగి, చిక్కబడి, ఐదారు నిమిషాల్లో ముక్కల చుట్టూ తేనెలా పట్టుకుంటాయి. గరిటెతో గుచ్చకుండా మూకుడు పట్టుకుని ఎగరెయ్యండి. అడుగున రెండు చెంచాల రసం మిగిలి ఉండగానే దించెయ్యాలి. చల్లారే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. నీళ్ళు పూర్తిగా ఇంకి వెన్న విడిగా తేలితే ఓ చెంచా నీళ్ళు చల్లి కలపండి, మళ్ళీ కలిసిపోతుంది. దించాక నిమ్మరసం, మిరియాల పొడి. పులుపు పడకపోతే మిఠాయిలా ఉంటుంది. ఆ నాలుగు చుక్కలూ పడ్డాకే అది కూర అవుతుంది.

క్యారెట్లు ఎంచడంలో కూడా ఉంది. మరీ లావువాటికి మధ్యన గట్టి ఊచలాంటిది ఉంటుంది. పైన తొడిమ దగ్గర ఆకుపచ్చగా ఉంటే ఆ మేర కోసెయ్యండి, చేదు. ఆకులతో కొన్నవైతే ఇంటికి రాగానే ఆకులు తుంచెయ్యాలి, లేకపోతే దుంపలోని తేమ లాగేసుకుంటాయి. ఫ్రిజ్‌లో ఆపిల్ పళ్ళ పక్కన మాత్రం పెట్టకండి. ఆపిల్ నుంచి వచ్చే వాయువుకి క్యారెట్ చేదెక్కుతుంది.

పిల్లల కంటికి క్యారెట్ మంచిదని అందరం అంటాం కదా. అందులోని బీటా కెరోటిన్‌ని మన ఒళ్ళు విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. పచ్చిగా తిన్నదానికంటే ఉడికించి, కాస్త వెన్నో నెయ్యో తగిలిస్తే అది ఒంటికి బాగా పడుతుంది.

ఇక షుగర్ ఉన్నవాళ్ళ సంగతి. మావారికి ఉంది. "బెల్లమేగా, పంచదార కాదుగా" అని గరిటె పట్టుకుని వచ్చారు. ఈ మాట చాలా ఇళ్ళలో వింటూంటాను. బెల్లమైనా, తేనైనా, రక్తంలో షుగర్ పెంచడంలో పంచదారకి ఏమీ తీసిపోవు. అందుకని బెల్లం వేసే ముందే ఆయన ముక్కలు వేరే గిన్నెలోకి తీసేసి, మిరియాలూ నిమ్మరసం చల్లి ఇస్తున్నాను. గొణుగుతూనే తింటున్నారు.

పిల్లాడి మాటకొస్తే, మొదట నాలుగు ముక్కలు ఫోర్కుతో పొడుచుకు తిన్నాడు. తర్వాత "అత్తా, మోర్" అన్నాడు. అత్తగారు వాడి పక్కనే పీట వేసుక్కూర్చుని ఒక్కో ముక్కా కంచంలో వేస్తుంటే, లెక్కపెట్టుకుంటూ తిన్నాడు. ఆవిడ తెలుగు అంకెలు, వాడు ఇంగ్లీషు అంకెలు. అన్నంలో మాత్రం కలుపుకోలేదు. ఆవిడ చేతి ముద్ద ఊరెళ్ళేదాకా తిననే లేదు. అయినా ఆ రాత్రి ఆవిడ అందరితో కూర్చుని భోంచేశారు.

నేను అనుకోనిది ఇంకోటి జరిగింది. పళ్ళు లేక ఏ వేపుడూ తినలేకపోతున్న అత్తగారికి ఈ మెత్తటి కూర తెగ నచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయి నెలలు గడిచినా, వారానికోసారి చేయించుకుంటున్నారు. వీడియో కాల్‌లో మనవడికి కంచం చూపిస్తారు కూడా.

ఈ ఆదివారం గుమ్మడికాయనీ ఇలాగే వెన్న వేసి చేద్దామని ఉంది నాకు. ఆవిడ మాత్రం "గుమ్మడికాయకి వెన్నేమిటే, చక్కగా ఆవ పెట్టు" అంటున్నారు.